గుడి ముందు బజారు: అరసవల్లి నుండి పర్యాటక అర్థశాస్త్రం

పర్యాటకాన్ని "పొగగొట్టాలు లేని పరిశ్రమ" అంటారు. పోటీ పరీక్షల గైడ్ల నుండి మంత్రుల ఉపన్యాసాల దాకా ఈ మాట వినిపిస్తుంది. పొగ లేదు గనుక ఎవరికీ నష్టం లేదని, వచ్చినవాడు చూసి, డబ్బు ఖర్చుపెట్టి వెళ్లిపోతాడు గనుక అందరికీ లాభమేనని దాని అర్థం. 2024 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం కొత్త పర్యాటక విధానం ప్రకటించి ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. 2025లో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగగా ప్రకటించి మూడు రోజుల పాటు జరిపించింది. మంచిదే. కానీ పరిశ్రమ అన్నాక పెట్టుబడి ఎవరిది, కూలి ఎవరిది, లాభం ఎవరిది అని అడగడం అర్థశాస్త్రం చదివేవాడి పని. మన హాస్టల్ పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు బండి మీదో, తట్టలోనో ఏదో ఒకటి అమ్మి బతికేవాళ్లే గనుక మనకు ఇది పరీక్షల కోసం చదివే పాఠం మాత్రమే కాదు.

ముందుగా ప్రపంచం సంగతి కొంచెం చెప్పుకుందాం. 1950లో ఒక దేశం నుండి మరో దేశానికి పర్యాటకులుగా వెళ్లినవారు దాదాపు రెండున్నర కోట్లు. 2019 నాటికి ఆ సంఖ్య 146 కోట్లు దాటింది. 2020లో కరోనా వచ్చి నాలుగింట మూడు వంతుల వరకు పడిపోయింది. 2024కు మళ్లీ 140 కోట్ల దగ్గరకు చేరింది. జెట్ విమానాలు, ఉద్యోగులకు జీతంతో కూడిన సెలవులు, ధనిక దేశాల్లో పెరిగిన మధ్యతరగతి ఈ పెరుగుదలకు ఒకవైపు కారణాలు. రెండోవైపు కారణం పేద దేశాల అవసరం. అప్పులు తీర్చడానికి డాలర్లు కావాలి. అమ్మడానికి యంత్రాలు లేవు, సముద్రతీరం ఉంది, గుళ్లున్నాయి, ఎండ ఉంది. అందుకని వాటినే అమ్మకానికి పెట్టాయి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు సేవల వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. గాట్స్ అని పిలిచే ఆ ఒప్పందంలో హోటళ్లు, ట్రావెల్ ఏజెన్సీలు కూడా సరుకుల జాబితాలోకి చేరాయి. మన దేశం హోటల్ రంగంలో విదేశీ పెట్టుబడిని మొదట 51 శాతం వరకు, తరువాత నూరు శాతం వరకు అనుమతించింది. "ఇన్‌క్రెడిబుల్ ఇండియా" ప్రచారం మొదలైంది 2002లో.

ఇక్కడ "లీకేజీ" అనే మాట ఒకటి తెలుసుకోవాలి. పర్యాటకుడు ఖర్చుపెట్టే సొమ్ములో అతను చూడటానికి వచ్చిన ఊళ్లో నిలవకుండా బయటికి కారిపోయే భాగాన్ని లీకేజీ అంటారు. విమానం టిక్కెట్ విమాన కంపెనీకి, గది అద్దె హోటల్ గొలుసు సంస్థకి, భోజనంలోకి దిగుమతి చేసుకున్న సరుకుల ధర ఇంకో దేశానికి పోతాయి. చిన్న ద్వీప దేశాల్లో ఇది మరీ ఎక్కువ. కుండలో నీళ్లెన్ని పోశారని అడిగితే సరిపోదు, అడుగున చిల్లి ఎంతుందో కూడా చూడాలి. పత్రికల్లో వచ్చే "ఇంతమంది భక్తులు వచ్చారు, ఇంత ఆదాయం వచ్చింది" అనే వార్త పోసిన నీళ్ల లెక్క మాత్రమే.

"అరసవల్లికి విదేశీయులెక్కడ వస్తున్నారు? విజయనగరం, విశాఖ, ఒరిస్సా నుండి వచ్చే భక్తులేగా! దీనికీ ప్రపంచీకరణకూ ఏం సంబంధం?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఏమిటంటే, ప్రపంచీకరణ మన ఊరికి సూటూ బూటూ వేసుకున్న మనిషి రూపంలోనే రానక్కరలేదు, సరుకుగానూ వస్తుంది, సెల్‌ఫోన్‌లోని యాప్‌గానూ వస్తుంది. కొన్నిసార్లు మన నెత్తిమీద జుట్టును పట్టుకుపోవడానికి వస్తుంది. చివరిది చమత్కారం కాదు, కాసేపట్లో చెబుతాను.

సూర్యుడు కదలడు, సొమ్ము కదులుతుంది

అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిని ఏడో శతాబ్దంలో కళింగాన్ని ఏలిన దేవేంద్రవర్మ కట్టించాడని స్థలచరిత్ర చెబుతుంది. ఏటా రెండుసార్లు, మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ, తెల్లవారే సూర్యకిరణాలు తిన్నగా లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. రెండుసార్లే ఎందుకు? సూర్యుడు ఉత్తరంగా వెళ్లేటప్పుడు ఒకసారి, దక్షిణంగా తిరిగొచ్చేటప్పుడు ఒకసారి తూర్పున ఒకే చోట ఉదయిస్తాడు. మార్చి విషువత్తుకు పది పన్నెండు రోజుల ముందు ఎక్కడ ఉదయిస్తాడో, సెప్టెంబరు విషువత్తు దాటిన పది పన్నెండు రోజులకు దాదాపు అక్కడే ఉదయిస్తాడు. గుడి కట్టినవాళ్లకు ఈ లెక్క తెలుసు. (జాగ్రఫీ ఆప్షనల్ తీసుకున్న తమ్ముళ్లు గ్లోబు దగ్గర పెట్టుకుని దీన్ని ఒకసారి చూసుకోవాలి.)

అర్థశాస్త్రం వైపు నుండి చూస్తే దీనికి ఒక విశేషం ఉంది. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీని యజమాని రేపు బంగ్లాదేశ్‌కు తరలించుకుపోగలడు. ఆ కిరణాలు పడే గడపను ఎవరూ తరలించలేరు. చూడాలంటే అరసవల్లికే రావాలి. ఇలా మరోచోట దొరకని దాని మీద వచ్చే రాబడిని గుత్త అద్దె అంటారు. డేవిడ్ హార్వే అనే ఆచార్యుడు 2002లో రాసిన ఒక వ్యాసంలో, ప్రపంచీకరణ వల్ల అన్ని ఊళ్లూ ఒకేలా అయిపోతున్నకొద్దీ పెట్టుబడి ఇలాంటి "ఇంకెక్కడా లేని" చోట్లను వెతుక్కుంటూ వస్తుందని వివరించాడు. అంటే మన దగ్గరున్న సొత్తు చాలా విలువైనది. అది కదలదు గనుక బేరమాడే బలం స్థానికులకే ఉండాలి. ఆచరణలో అలా లేదు. చోటు కదలకపోయినా చోటు చుట్టూ ఉన్న భూమి చేతులు మారుతుంది, దుకాణం లైసెన్సు చేతులు మారుతుంది, టిక్కెట్ అమ్మే కౌంటరు చేతులు మారుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు పాఠం కోసం నేను ఊహించి వేసినవి. విశాఖ నుండి ఐదుగురున్న కుటుంబం ఒక ఆదివారం అద్దెకారులో బయలుదేరింది. మొత్తం ఖర్చు 6,000 రూపాయలు. అందులో కారు అద్దె, పెట్రోలు, టోల్‌గేట్లు 3,500. జాతీయ రహదారి పక్కన హోటల్లో టిఫిన్లు 600. దర్శనం టిక్కెట్లు, ప్రసాదం 700. కొబ్బరికాయలు, పూలు 200. పిల్లలకు బొమ్మలు 150. తిరుగు ప్రయాణంలో భోజనాలు 850. గుడి వీధిలో బతికేవాళ్ల చేతికి నేరుగా అందింది 350 రూపాయలు. బొమ్మల ధరలో ఎక్కువ భాగం హోల్‌సేల్ వ్యాపారి ద్వారా ఎక్కడో తయారుచేసినవాడికి పోతుంది. కొబ్బరికాయ ఉద్దానంలో కాసిందైతే దాని ధర జిల్లాలోనే ఉంటుంది, పూలు పక్క ఊరివైతే ఆ సొమ్ము ఆ ఊరికి చేరుతుంది. మొత్తం మీద ఆరువేలలో రెండొందల యాభై మన వీధిలో తిరిగితే గొప్ప.

గుడికి చెల్లించిన 700 మాటేమిటి? అది దేవాదాయ శాఖ నిర్వహణలోకి వెళ్తుంది. 1987 దేవాదాయ చట్టం ప్రకారం గుడి ఆదాయంలో కొంత భాగం శాఖ పరిపాలనకు, కొంత సర్వశ్రేయోనిధికి చెల్లించాలి. ఆ నిధి నుండి ఆదాయం లేని గుళ్లను ఆదుకుంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ సొమ్ములో అరసవల్లి వీధికి తిరిగొచ్చేది ఉద్యోగుల జీతాలు, కాంట్రాక్టు పనుల కూలీ రూపంలోనే అన్న సంగతి మరచిపోకూడదు.

ఈ కుటుంబం రాత్రి ఇక్కడ ఉండదన్నది అన్నిటికంటే ముఖ్యం. అరసవల్లి, శ్రీకూర్మం, వీలుంటే శ్రీముఖలింగం చూసుకుని చీకటి పడేలోగా విశాఖ చేరుకుంటుంది. గది అద్దె, రాత్రి భోజనం, మర్నాటి షాపింగు అక్కడే. మనకు మిగిలేది చెత్త, ట్రాఫిక్కు, క్యూలైన్లో అరిగిన చెప్పులు. ఈ బాధ మనదొక్కటే కాదు. ఇటలీలోని వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుండి కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, రాత్రి బస చేయకుండా పగలు వచ్చిపోయేవారి నుండి 5 యూరోల రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. భూటాన్ అయితే రోజుకు ఇంత అని పర్యాటకుల నుండి రుసుము తీసుకుని దేశ అభివృద్ధికి వాడుతుంది. మన దగ్గర భక్తుడి మీద రుసుము వేయమని నేను అనను. తలనొప్పికి గుండు గీయించుకున్నట్టు ఉంటుంది. కానీ వచ్చినవాడు ఒక్క రాత్రి ఉండేలా చేయడానికి మన చుట్టూ ఉన్నవి తక్కువేం కాదు. శాలిహుండం బౌద్ధ స్తూపాలు, కళింగపట్నం తీరం, తేలినీలాపురంలో విదేశీ పక్షులు, పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి వడికే ఖాదీ, బుడితి ఇత్తడి సామాను ఉన్నాయి. పక్షులనైతే ఆ ఊరివాళ్లే తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్నారు.

నెత్తి మీద జుట్టు ప్రయాణం

ఇప్పుడు జుట్టు సంగతి. అరసవల్లిలో కూడా భక్తులు తలనీలాలు సమర్పిస్తారు. తలనీలాలు వచ్చే గుళ్లలో వాటిని వేలం వేస్తారు. తిరుమలలో ఈ వేలం ఎంత పెద్దదో అందరికీ తెలుసు. కొన్న వ్యాపారి పొడవును బట్టి వేరుచేసి, శుభ్రపరచి, ఎగుమతి చేస్తాడు. అది చైనాలో విగ్గుల ఫ్యాక్టరీలకు చేరి, అక్కడి నుండి అమెరికా, యూరప్, ఆఫ్రికా ఖండాల్లోని దుకాణాలకు వెళ్తుంది. 2004లో ఒక వింత జరిగింది. యూదు మతంలో సనాతన ఆచారం పాటించే పెళ్లయిన స్త్రీలు విగ్గు ధరిస్తారు. ఆ విగ్గుల్లో వాడే జుట్టు హిందూ గుళ్లలో సమర్పించినదని తెలిసి, అది విగ్రహారాధనకు సంబంధించింది గనుక వాడరాదని జెరూసలేంలోని ఒక ప్రముఖ మతగురువు తీర్పు చెప్పాడు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు కుప్పపోసి తగలబెట్టారు. ఇక్కడ భక్తితో ఇచ్చిన వస్తువు అక్కడ అపవిత్రమైంది. మధ్యలో అది ఎన్ని చేతులు మారింది, ఎవరెవరు ఎంత సంపాదించారు అన్నది ఆ గొడవలో ఎవరూ అడగలేదు.

గుండు గీసిన మనిషి సంగతి చూడండి. ఆ జుట్టు విలువలో అతనికి వాటా లేదు. గుండుకు ఇంత అని ఇచ్చే కూలే అతని సంపాదన. 2018 జూన్‌లో మన రాష్ట్రంలో దేవాలయాల కేశఖండనశాలల్లో పనిచేసే నాయీబ్రాహ్మణులు కనీస వేతనం కోసం సమ్మె చేశారు. 2024 ఆగస్టులో ప్రభుత్వం వారికి నెలకు కనీసం 25 వేల రూపాయలు అందేలా నిర్ణయం ప్రకటించింది. అడగకుండా వచ్చిన పెంపు కాదది. ఇంకోవైపు, 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముడి జుట్టు ఎగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చింది. ముడిసరుకుగా పోతే విగ్గు చేసే కూలి కూడా పరాయి దేశానికే పోతుందని ఈ దేశపు తయారీదారులు మొర పెట్టుకోవడం దానికి ఒక కారణం. జీడిపిక్కకైనా, జనపనారకైనా, జుట్టుకైనా ఇదే సూత్రం. ముడిసరుకు దొరికే చోట కంటే చివరి మెరుగు పెట్టే చోటే డబ్బెక్కువ.

యాప్‌ల గురించి రెండు మాటలు చాలు. గది బుక్ చేసుకునే కంపెనీకి సొంత హోటల్ ఉండనవసరం లేదు, సెల్‌ఫోన్‌లో తెర ఉంటే చాలు. ఆ తెర మీద పేరు కనిపించాలంటే లాడ్జి యజమాని కమీషన్ ఇవ్వాలి. 2022 అక్టోబరులో భారత కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్, గోఐబిబో, ఓయో సంస్థలకు కలిపి 392 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఇతర చోట్ల తక్కువ ధరకు గది ఇవ్వకూడదని హోటళ్లను కట్టడి చేయడం అందులో ఒక ఆరోపణ.

గుడిలోకి ప్రవేశం, బజారులోకి ప్రవేశం

అరసవల్లి శాసనాల్లో అఖండ దీపానికీ, శాస్త్రాలు చదివే విద్యార్థుల వసతికీ భూములు దానమిచ్చిన ప్రస్తావన ఉందంటారు. అంటే ఈ ఊళ్లో హాస్టల్ అనే ఆలోచన మన సాంఘిక సంక్షేమ శాఖ కంటే వందల ఏళ్ల ముందుదన్నమాట. అందులో మన ముత్తాతలకు చోటు లేదని వేరే చెప్పాలా? వాళ్లకు గుడి గడప దాటే హక్కే లేదు. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 1939లో వచ్చిన ఆలయ ప్రవేశ చట్టం ధర్మకర్తలు ఒప్పుకుంటే తలుపులు తెరవవచ్చు అంది. 1947 చట్టం దాన్ని హక్కుగా మార్చింది. అంబేద్కర్ 1930లో నాసిక్ కాలారామ్ గుడి దగ్గర సత్యాగ్రహం నడిపి, ఆ తరువాత గుడి ప్రవేశం ఒక్కటే మన సమస్యను తీర్చదని, చదువు, ఆర్థిక బలం, రాజకీయాధికారం కావాలని తేల్చి చెప్పాడు.

గుడిలోకి ప్రవేశం చట్టంతో వచ్చింది. గుడి చుట్టూ తిరిగే ఆర్థిక వ్యవస్థలోకి మన ప్రవేశం ఏ తలుపు గుండా జరుగుతోంది? ఏ పుణ్యక్షేత్రానికైనా వెళ్లి చూడండి. చీపురు పట్టుకున్నవాళ్లు, మురుగు తీసేవాళ్లు, బారికేడ్ల కర్రలు పాతేవాళ్లు ఎవరు? దుకాణం వేలంలో డిపాజిట్ కట్టగలిగేవాళ్లు, లాడ్జి కట్టగలిగేవాళ్లు, ట్రావెల్స్ నడిపేవాళ్లు ఎవరు? పర్యాటకం పాత కులవృత్తుల మెట్లను కూల్చదు, వాటికి యూనిఫారం వేసి అవుట్‌సోర్సింగ్ అని పేరు పెడుతుంది. దీనికి మినహాయింపులున్నాయి. మున్సిపల్ దుకాణ గదుల కేటాయింపులో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. దేవాలయ పాలక మండళ్లలో బీసీ, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు స్థానాలు కేటాయిస్తూ 2019లో చట్టం సవరించారు. ఆ గదులు నిజంగా ఎవరి పేరు మీదున్నాయి, ఎవరు నడుపుతున్నారు అన్నది చూడాల్సిన సంగతి.

భూమి చేతిలో ఉంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి మన పొరుగునే ఉన్న అనంతగిరి మండలానికి వెళ్దాం. బొర్రా ప్రాంతంలో గిరిజనుల భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997లో వచ్చిన తీర్పు షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు లీజులివ్వడం చెల్లదంది. అనుమతి పొందిన వ్యాపారమైనా నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ప్రజల వైద్యం, విద్య, రోడ్ల వంటి అవసరాలకు కేటాయించాలంది. ఆ తీర్పు గనుల గురించి వచ్చింది, నిజమే. కానీ అరకులో రిసార్టుల గురించి, బొర్రా గుహల టిక్కెట్ల ఆదాయంలో వాటా గురించి గిరిజనులు మాట్లాడగలుగుతున్నారంటే ఆ తీర్పు, 1970 నాటి భూబదలాయింపు నిషేధ చట్టం వెనక ఉండబట్టే. మైదానంలో ఉన్న మనకు అలాంటి రక్షణ లేదు. భోగాపురంలో విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. దాని కోసం ఊళ్లే ఖాళీ అయ్యాయి. విమానం దిగేవాడికి దారిలో కనిపించేవి బీచ్ రిసార్టుల బోర్డులే. ఆ ఇసుక మీద వలలు ఆరబెట్టుకున్నవాళ్లు కనబడరు.

మరి మనకున్న ఆధారమేమిటి? వీధి విక్రయదారుల చట్టం, 2014. దీన్ని ప్రతి హాస్టల్ లైబ్రరీలో ఉంచాలని నా కోరిక. అరసవల్లి ఇప్పుడు శ్రీకాకుళం నగరపాలక సంస్థ పరిధిలో ఉంది గనుక ఈ చట్టం గుడి వీధికి వర్తిస్తుంది. పట్టణ విక్రయ కమిటీ వేయాలి. అందులో నూటికి 40 మంది సభ్యులు విక్రయదారులు ఎన్నుకున్నవారై ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించకూడదు. ధ్రువపత్రం ఉన్నవారిని వేరేచోటికి మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. "పండుగొస్తోంది, బండి తీసెయ్" అనే కానిస్టేబులుకు చూపించడానికి ఆ కాగితం చాలు. కాగితం లేనివాళ్లు ఏ పండుగకైనా తెల్లవారుజామున నాలుగింటికే బండి తోసుకుని సందుల్లోకి పోవలసిందే. వీధి బాగుపడ్డాక వాళ్ల చోట్లో మరొకరి షాపు ఉంటుంది.

కేరళలో ఇంకో దారి పట్టారు. 2008లో కుమరకోం వంటి చోట్ల బాధ్యతాయుత పర్యాటకం పేరుతో ఒక ప్రయోగం మొదలైంది. కుటుంబశ్రీ మహిళా సంఘాలు పండించిన కూరగాయలు, పాలు, గుడ్లు, చేపలు రిసార్టులు కొనేలా ఏర్పాటు చేశారు. ఎవరి పొలంలో ఏ వారం ఏం పండుతుందో ముందుగా క్యాలెండరు వేసుకుని ధరలు కూర్చుని నిర్ణయించారు. మనకు డ్వాక్రా సంఘాలున్నాయి. అన్నదానానికి కావలసిన బియ్యం, కూరలు, ప్రసాదానికి బెల్లం, పూజకు పూలు, రథసప్తమికి పొంగలి వండే పిడకలు, ఇవన్నీ పది మైళ్ల లోపల దొరికేవే. టెండరు షరతుల్లో "స్థానిక మహిళా సంఘాలకు ప్రాధాన్యం" అనే ఒక్క వాక్యం చేర్చడానికి కొత్త బడ్జెట్ అక్కరలేదు. ఇత్తడి గంట, ఖాదీ తువ్వాలు అమ్మే ఒక దుకాణం గుడి ముందు ఉంటే ప్లాస్టిక్ తుపాకీ కొనేవాడు కూడా ఒకసారి ఆగుతాడు.

డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రాజెక్ట్ వర్క్ దేనిమీద చేయాలని నన్ను అడుగుతుంటారు. ఎక్కడో బ్యాంకుల మీద జిరాక్స్ ప్రాజెక్టులు చేసేకంటే ఇది చేయండి. మాఘమాసంలో ఆదివారాలు నాలుగు వస్తాయి. ఇద్దరిద్దరు చొప్పున గుడి వీధికి రెండు చివర్లా నిలబడండి. బయటికి వచ్చే ప్రతి పదో కుటుంబాన్ని ఐదు సంగతులు అడగండి: ఎక్కడి నుండి వచ్చారు, దేనిలో వచ్చారు, రాత్రి ఎక్కడ ఉంటారు, మొత్తం ఎంత ఖర్చయింది, అందులో ఈ వీధిలో ఎంత. ఇంకో జట్టు అమ్మేవాళ్ల దగ్గర కూర్చుని సరుకు ఎక్కడి నుండి తెచ్చారో, పెట్టుబడికి వడ్డీ ఎంతో, చోటుకు ఎవరికి ఎంత చెల్లిస్తున్నారో రాసుకోవాలి. చివరి ప్రశ్నకు ఎవరూ మొదటి వారం నిజం చెప్పరు, మూడో వారానికి చెబుతారు. వడ్డీ రోజువారీ లెక్కలో చెబితే నెలకు, సంవత్సరానికి మార్చి వేయండి, లేకపోతే చిన్నదిగా కనిపిస్తుంది. పూర్తయ్యాక ఒక కాపీ కాలేజీకి, ఇంకొకటి నగరపాలక కమిషనర్‌కు పట్టణ విక్రయ కమిటీ పేరు రాసి రశీదు తీసుకుని ఇవ్వండి. పేర్లు మాత్రం రాయవద్దు, బండి దగ్గర ఉన్న అమ్మకు మర్నాడు కూడా అక్కడే బతకాలి.